రోవిన్ రేవులో దా

ఏప్రిల్ 27, ఆదివారం

మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకోవడం తేలికే. ఆ మాటలన్నీ ఎక్కడ పెట్టుకోవాలన్నదే తెలియడం లేదు. నోట్లో ఉంచుకుంటే పొంగుతాయి, మింగితే అరగవు. అందుకని ఇవాళ్టి నుంచి ఇక్కడ రాస్తాను. ఎవరూ చదవనక్కర్లేదు. ముఖ్యంగా కృష్ణారావు గారు చదవనక్కర్లేదు.

నిన్న మామిడికాయ తొక్కు కలుపుతుంటే ఫోను మోగింది. చేతులనిండా కారం. మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టాను.

“నమస్తే మేడం, నేను పరమేష్‌ను. ఇండ్లు, ప్లాట్లు జూపిస్త. మీ ఇల్లు జూస్తందుకు మా పార్టోళ్లను ఎప్పుడు తోల్కరమ్మంటరు?”

“ఏ ఇల్లు?” అన్నాను.

“గదే మేడం, తూంకుంట ఇల్లు. కృష్ణారావు సార్ అమ్ముతాండు గద. సార్ ఫోన్ కలుస్తలేదని మీకు జేసిన.”

తొక్కులో ఉప్పు రెండుసార్లు పడింది.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతూనే నా మొహం చూసి సంగతి గ్రహించాడు. “నేనే చెబుదామనుకుంటున్నాను స్వరూపా. జూన్ నెలాఖరుకి రిటైరైపోతున్నాను కదా. ఇది అమ్మేసి మా బందరు వెళ్లిపోయి, సముద్రం గాలి పీలుస్తూ హాయిగా ఉందాం. పరమేష్ మంచి పార్టీ ఉందంటున్నాడు.”

చెబుదామనుకున్నాడట. అడుగుదామని కాదు, చెబుదామని. పిల్లలకు తెలుగు చెప్పి బతుకుతున్నదాన్ని, ఆ రెండు క్రియలకూ తేడా నాకు తెలియదా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు. మేడ్చల్లో నా స్కూలుంది. నాకింకా సర్వీసుంది. మా అమ్మ మేడ్చల్లోనే ఉంది. మా అమ్మాయి సాయిప్రియ పనిచేసే బ్యాంకు సుచిత్ర సెంటర్లో. ఈ ఇంటికి స్లాబు వేసినప్పుడు గొడుగేసుకుని నిలబడి నీళ్లు కొట్టించింది నేను. ఇవన్నీ పరమేష్‌కు తెలియకపోతే తప్పు లేదు.

అడిగి ఉంటే ఒప్పుకునేదాన్నేమో. బందరు నాకేమన్నా శత్రువా? అడగలేదు, అదీ నా బాధ.

అడిగేదాకా మాట్లాడను. కోపమేమీ లేదు.

ఏప్రిల్ 29

“ఎవరో గీజరు ఆపలేదు” అని వంటింటి గోడతో అన్నాను. గోడ లేచి వెళ్లి ఆపి వచ్చింది.

మే 1

ఇవాళ ఆయన ఫ్రిజ్‌తో అన్నాడు, “చారులో ఉప్పు తక్కువైంది” అని. ఉప్పు డబ్బా తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. అడిగింది అదే కదా.

మే 2, శుక్రవారం

తొక్కు సీసా తీసుకుని మేడ్చల్ వెళ్లాను. అమ్మ నన్ను గుమ్మంలోనే పట్టేసింది. మా అమ్మ బాలనర్సమ్మకు కళ్లజోడు వాకిట్లో ఉన్నా, కళ్లు మాత్రం జోడు లేకుండానే పనిచేస్తాయి.

“ఏందే, గా మొఖమేంది? అల్లునితోని లొల్లి పెట్టుకున్నవా?”

“లొల్లేం లేదమ్మా. మాట్లాడుతలేను, గంతే.”

“నువ్వా! మాట్లాడుతలేవా!” అమ్మ పక్కింటి వజ్రమ్మను కేకేసింది. “ఓ వజ్రమ్మా, ఇటు రా, మా స్వరూప మాట్లాడుతలేదంట!” వజ్రమ్మ నిజంగానే వచ్చింది, చేతిలో చేట పట్టుకుని, వింత చూడటానికి వచ్చినట్టు. ఇద్దరూ నా చుట్టూ కూర్చుని నవ్వడమే.

“పుట్టినప్పటి సంది దీని నోరు మూతవడంగ నేను జూడలే” అంది అమ్మ. “నిద్రల గూడ పిల్లలకు పాఠం జెప్తది. ఏమాయెనే బిడ్డా?”

చెప్పాను. అమ్మ నవ్వు ఆపింది. కాసేపు చీర కొంగు మడతలు పెట్టుకుంది.

“పోతవా మరి బందరు?”

“అడిగితే పోతుంటినేమో. అడగకపాయె.”

“అడిగితే పోతవా?” అని మళ్లీ అడిగింది. మా అమ్మకు అడిగిందే అడగడం అలవాటు. బస్సు వచ్చే వేళయిందని లేచి వచ్చేశాను.

మే 6

ముందు ముంచుకొస్తున్నది టూరు. ఇది జనవరిలోనే బుక్కయింది. నాన్నకు రిటైర్మెంటు కానుక అని సాయిప్రియ మా ఇద్దరికీ పెట్టింది. ఇటలీ, క్రొయేషియా, గుంపుతో పాటు. అప్పుడు మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం.

“మేం రామని చెప్పు” అన్నాను దానితో.

“‘మేం’ ఎవరు? నాన్న సూట్‌కేసు సర్దేసుకున్నారు” అంది. “అమ్మా, వీసా వచ్చింది, టికెట్లొచ్చాయి. మీరు మాట్లాడుకోకపోయినా విమానం ఎగురుతుంది. ఇంకో మాట. ‘మీ నాన్నకు చెప్పు, మీ అమ్మకు చెప్పు’ ఇంక నా వల్ల కాదు. నాకు బ్యాంకులో కస్టమర్లు చాలు.”

ఊరు ఎంచుకున్నది ఆయనే. ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున రోవిన్ అట. వందల ఏళ్లనాటి జాలరుల రేవు. వెనిస్ అందరూ చూస్తారు, నాకు ఆ రేవు కావాలి అన్నాడట. ఎక్కడికెళ్లినా చేపలు, పడవలు. ఆదివారం శామీర్‌పేట చెరువు గట్టున చేపలు కొనడానికి వెళ్తే కూడా ఊరుకోడు. “మీ చెరువుని మా బందర్లో బకెట్ అంటారు” అంటాడు. కొన్న చేపలేమో ముళ్లతో సహా లాగిస్తాడు.

మా వైపుది ఏదైనా ఆయనకు నవ్వే. ఇరవై ఏడేళ్ల కిందట మందుల కంపెనీలో ఉద్యోగానికొచ్చి మేడ్చల్లో మా ఇంటి పై పోర్షన్లో అద్దెకు దిగాడు. మా నాయిన భోజనానికి పిలుచుకు రమ్మంటే, నేను మెట్ల కింద నిలబడి “దా సారూ, అన్నం తిందువు దా” అన్నాను. మరేమనాలి? మాకు ‘దా’ అంటే రమ్మని. ప్రేమగా రమ్మని కూడా. బందరువాళ్లు ‘రండి’ అంటారు, మర్యాద కారుతూ ఉంటుంది. అప్పట్నుంచి ఇంటికెవరొచ్చినా ఈ కథ చెప్పి, ‘దా’ దగ్గర నాలాగా గొంతు పెట్టి నవ్విస్తాడు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. వాళ్ల చెల్లెలి కూతురు ధరణి పెళ్లికి బందరు వెళ్లొచ్చాక మానేశాను. ఆ పెళ్లి సంగతి ఇక్కడ అనవసరం.

మే 14

విమానంలో పక్క పక్క సీట్లు. భోజనం ఏం కావాలంటే ఆయన చేప అన్నాడు. ఆకాశంలో కూడా చేపే. “బీపీ మాత్ర వేసుకోవాలని కొందరికి గుర్తుండదు” అన్నాను కిటికీతో. కిటికీ మాత్ర వేసుకుంది.

మే 16

వెనిస్. నీళ్లు, జనం, మళ్లీ నీళ్లు. అనవలసిన మాటలు ఎన్ని ఉన్నాయో! ఒక్కటీ అనలేదు. కడుపు ఉబ్బరంగా ఉంది.

మే 17, శనివారం

బస్సు మలుపులకు పడదని మాత్ర వేసుకుని రోవిన్ దాకా నిద్రపోయాను. కళ్లు తెరిచేసరికి బస్సంతా ఒకటే కేకలు, చప్పట్లు. మా టూరు మేనేజరు ప్రవీణ్ ఏదో ఆట ఆడిస్తున్నాడు. ప్రవీణ్ అల్వాల్ పిల్లగాడే. మా ఆయనేమో అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు. నన్ను చూసి ఆపేశాడు.

ఊరు బాగుంది. బాగుందని ఆయనకు చెప్పను, ఇక్కడ రాసుకోవచ్చు. ఇళ్లు ఒడ్డున కాదు, నీళ్లలోంచే లేచినట్టున్నాయి. పసుపు, ఇటుక రంగు, పాతబడిన ఎరుపు. కిటికీ కిందే సముద్రం. కిటికీకీ కిటికీకీ మధ్య తాడు కట్టి బట్టలారేశారు. పైన కొసకి చర్చి గంట స్తంభం. సందులు మా మేడ్చల్ మార్కెట్ సందులంతే ఉన్నాయి, కాకపోతే రాళ్లు నున్నగా అరిగి జారుతున్నాయి. రేవులో చిన్న చిన్న చెక్క పడవలు.

రోవిన్! దగ్గుమందు పేరులా లేదూ? “రోజుకు రెండు చెంచాలు రోవిన్.” మందుల కంపెనీ మనిషి, వింటే పడీ పడీ నవ్వేవాడు. మంచి జోకు వృథా అయిపోయింది.

మే 18, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

పొద్దున టిఫినయ్యాక రేవులో వదిలి, మధ్యాహ్నం దాకా మీ ఇష్టం అన్నాడు ప్రవీణ్. ఈయన మా గుంపులో నలుగురిని పోగేసి వలల గురించి పాఠం మొదలుపెట్టాడు. “మా బందర్లో అయితేనా...” అని. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కాళ్లకు స్పోర్ట్స్ బూట్లతో, ఆ గొంతు వినపడనంత దూరం నడిచాను.

అక్కడొక ముసలాయన పడవ ముక్కు దగ్గర తాడు విప్పుతున్నాడు. చేతులు మా నాయిన చేతుల్లాగే ఉన్నాయి, లావు వేళ్లు, ఎండకు కాలిన తోలు. పడవ చాలా ముద్దుగా ఉంది, పొట్టకు నీలం గీత. వేలితో పడవను చూపించి, ఆయన్ను చూపించి, “నీదేనా బాపూ?” అన్నాను.

“దా, దా” అన్నాడు ఆయన, తల ఊపుతూ.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. ఏడు సముద్రాల అవతల ఒక ముసలి మనిషి నన్ను మా ఇంటి మాటతో పిలుస్తున్నాడు! ఇన్ని రోజులుగా నన్నెవరూ ఎక్కడికీ పిలవలేదు. “ఎక్కాల్నా?” అన్నాను పడవలోకి చూపించి. “దా, దా!” అన్నాడు ఇంకా గట్టిగా నవ్వి. ఇంక ఆలోచించేదేముంది? ఎక్కేశాను.

ఎక్కాక ఆయన మొహం ఒకసారి అయోమయంగా అయింది. తర్వాత భుజాలెగరేసి, చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టి, ఇంజను స్టార్ట్ చేశాడు. డుగుడుగుడుగుమని పడవ కదిలింది.

ఒడ్డు మీద పాఠం ఆగిపోయింది. ఆయన నన్ను చూశాడు. చూసి పరుగు! ఆ నున్నటి రాళ్ల మీద, పొట్ట పట్టుకుని, మెళ్లో కెమెరా ఎగురుతుంటే, పడవ వెంట ఒడ్డు పొడుగునా పరుగు. ఏదో అరుస్తున్నాడు. ఇంజను నా వెనకే ఉంది, ఒక్క ముక్క వినపడలేదు. నోరు తెరవడం, సముద్రం వైపు చెయ్యి చాపడం, మళ్లీ నన్ను చూపించడం, అంతే కనపడుతోంది.

నాకు నవ్వాగలేదు. పాపం అనిపించింది. సముద్రం అంటే పడి చచ్చే మనిషి ఒడ్డున పరుగెత్తుతున్నాడు, ‘బకెట్’ పక్క పుట్టినదాన్ని నేనేమో పడవలో ఉన్నాను. ఒట్టూ గిట్టూ అన్నీ మర్చిపోయి రెండు చేతులూ ఊపి అరిచాను, “దా! దా!” అని. చివరి బెంచీ దాకా వినపడే గొంతు నాది. రేవంతా వినపడింది.

ఆయన టక్కున ఆగిపోయాడు. మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, మ్యాచ్ గెలిచినట్టు అక్కడే గెంతాడు. పక్కనున్న తెల్లవాళ్లెవరో చప్పట్లు కూడా కొట్టారు.

ముసలాయన నన్ను రేవు అవతలి వైపు దింపాడు. ఈయన అప్పటికే సందులన్నీ తిరిగి రొప్పుతూ వచ్చి, చెయ్యిచ్చి దింపుకున్నాడు. చెయ్యి వదల్లేదు. “థాంక్స్ స్వరూపా” అన్నాడు. కళ్లలో నీళ్లు! నోరు తెరిచినందుకు థాంక్స్ చెప్పిన మొగుడు మా వంశంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. “రోవిన్ అంటే దగ్గుమందు లెక్క లేదూ?” అన్నాను. మొదటి మాట అదే దొరికింది నాకు. ఆయన నవ్వి నవ్వి దగ్గాడు.

తర్వాత ప్రవీణ్ వచ్చి ముసలాయనతో మాట్లాడి, తల పట్టుకున్నాడు. ఆయన పేరు టోని అట. పడవను ఊరికే అవతలి వైపు కట్టడానికి తీసుకెళ్తున్నాడట. “మేడం, వీళ్లకు దా అంటే అవును అని! నీదేనా అంటె అవునన్నడు, ఎక్కాల్నా అంటె మీరు ఎక్కుతరేమో అని సరే అన్నడు. నిన్న బస్సుల గదే గద నేర్పిన! మీరు నిద్రవోయిండ్రు.”

అంటే నన్ను పిలవనే లేదు. పిలవని పడవ ఎక్కి ఊరేగాను. టోని గారికి దండం పెట్టి క్షమించమన్నాను. ఆయన దానికీ “దా, దా” అన్నాడు.

మే 19

రేవు పక్కన బల్లల మీద కూర్చుని కాల్చిన చేపలు తిన్నాం. సార్డిన్లనే చిన్న సముద్రం చేపలట, వేలంత పొడుగు, ఉప్పూ నిమ్మకాయా తప్ప ఏమీ లేదు. మసాలా లేని చేపను నేను మెచ్చుకుంటానని ఎన్నడూ అనుకోలేదు. ఇన్నాళ్ల మాటలు ఇద్దరం పోటీపడి మాట్లాడాం. ఆయన బందరు రేవు కబుర్లే చెప్పాడు. తెల్లవారి పడవలు తిరిగొచ్చేటప్పుడు ఇంజను చప్పుడును బట్టి ఏది ఎవరి పడవో చెప్పేసేవాడట. వాళ్ల నాన్నతో గొడవపడ్డ రోజులన్నీ అక్కడే కూర్చునేవాడట. పెళ్లయిన ఇన్నేళ్లలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

“పొద్దున్నే నువ్వు కూడా అక్కడికి వద్దువుగాని. నీకు నచ్చుతుంది చూడు” అన్నాడు.

నచ్చుతుంది అన్నాను. ఎప్పుడో సెలవుల్లో తీసుకెళ్తాడు కాబోలు. ఇంటి సంగతి ఆయన ఎత్తలేదు. మర్చిపోయినట్టున్నాడు. నేనూ ఎత్తలేదు. మానిన పుండును గోకడమెందుకు?

మే 21

దార్లో ముగ్గురికి చెప్పాడు, “మా స్వరూప అంత మాట అంటుందనుకోలేదండీ” అని. ఒక్క ‘దా’కు ఇంత పొంగిపోవాలా! ముందే తెలిస్తే రోజుకొకటి అనేదాన్ని.

మే 25, ఆదివారం

నిన్ననే తూంకుంట చేరాం. ఇవాళ పొద్దున బెల్లు మోగింది. బట్టలు నానబెట్టిన చేతులతోనే తలుపు తీశాను. పరమేష్! వెనకాల భార్యాభర్తలు, చేతిలో పళ్ల సంచీ.

“శుభాకాంక్షలు మేడం!” అన్నాడు పరమేష్. “సార్ జెప్పిండు, మీరు ఒప్పుకున్నరంట గద. ఫారిన్ల, సముద్రం నడుమ పడవల నిలవడి ఒప్పుకున్నరంట! మస్తు ఖుషీ అయినం.”

నేను తిరిగి చూశాను. కృష్ణారావు గారు కొత్త చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, హాల్లో నిలబడి ఉన్నాడు.

“నేనెప్పుడు ఒప్పుకున్న?”

“అదేవిటి స్వరూపా? రేవులో. అడిగాను కదా, ‘బందర్లో కూడా ఇలాగే ఉంటుంది, పోయి ఉందామా?’ అని. అరిచి అరిచి అడిగాను. నువ్వు ‘దా, దా’ అన్నావు. ఒకసారి కాదు, రెండుసార్లు.”

కొనడానికి వచ్చినామె మా కర్టెన్లు చూస్తున్నట్టు నటిస్తోంది.

“నువ్వు అడిగింది నాకు వినబడనే లేదు! నేను నిన్ను రమ్మన్న! దా అంటే రమ్మని!”

“నీళ్లలో ఉన్న మనిషి ఒడ్డు మీదున్న మనిషిని రమ్మంటుందా? ఎలా రావాలి, నడిచా?”

“మీ బందరోళ్లకు పుట్టంగనే ఈతొస్తదంటివి గద!”

“అక్కడ అందరూ ‘దా’ అంటే అవునని అంటుంటే...”

“నేను అందర్లనా? ఇరవై ఏడేండ్లు నా ‘దా’ను నలుగుర్ల నవ్వులపాలు జేస్తివి. దానికి అర్థం నీకు తెల్వదా? సముద్రం దాటంగనే మర్చిపోయినవా?”

“సార్, మేం కింద కార్ల కూసుంటం” అన్నాడు పరమేష్. “మీరు తీర్మానం జేసుకోండ్రి.”

వాళ్లు మెట్లు దిగుతుంటే ఆమె మొగుడితో అంటోంది, “ఇల్లు మంచిగుంది గాని, జల్దీ ఖాళీ అయ్యేటట్టు లేదు” అని.

మళ్లీ మాట్లాడటం మానేద్దామనుకున్నాను. ఈసారి నిజంగా కోపంగానే ఉన్నాను. కానీ రోవిన్లో రొప్పుతూ వచ్చి నా చెయ్యి పట్టుకున్న ఆ మొహమే కళ్ల ముందుకొస్తోంది. ఆ సంతోషం నా కోసం కాదన్నమాట. బందరు కోసం. అది మాత్రం చాలా కష్టంగా ఉంది.

మే 26

సాయిప్రియ విషయం విని కుర్చీలోంచి జారింది నవ్వి. తర్వాత, “నాన్నా, ఒకసారి సరిగ్గా అడిగేయకూడదా?” అంది. ఆయన ఫ్రిజ్ వైపు చూశాడు.

మే 28, బుధవారం

సాయంత్రం “చేపలు తెద్దాం, వస్తావా?” అన్నాడు. ఆదివారం కాదు, బుధవారం. అయినా వెళ్లాను. శామీర్‌పేట చెరువు పక్కన కారాపాడు. చేపలమ్మేవాళ్లెవరూ లేరు. దిగలేదు కూడా. స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, నేను పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడమర్చి అన్నాడు.

“స్వరూపా. మన తూంకుంట ఇల్లు అమ్మేసి, బందరు వెళ్లి అక్కడే ఉండిపోదామా? నీకు ఇష్టమేనా?”

అడిగాడు! అడగనే అడిగాడు. ఆ మూడు వారాలూ దీనికోసమే కదా నేను నోరు కట్టుకున్నది. అడిగితే ఒప్పుకునేదాన్నేమో అని ఇక్కడ రాసుకున్నాను, అమ్మతో అన్నాను, నాలో నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. నోరు తెరిచాను.

“లే. నాకిష్టం లేదు.”

నా నోట్లోంచి అదే వచ్చింది. ఆశ్చర్యపోయింది నేనే, ఆయన కాదు.

“తెలుసు” అన్నాడు. “అందుకే అడగలేదు.”

అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ముక్కు చీదుకుంటూ అంతా చెప్పేశాను. ధరణి పెళ్లిలో పంక్తి దగ్గర ఎవరో పెద్దావిడను “దా అత్తమ్మా, కూసో” అన్నానని, పెళ్లి అయ్యేదాకా పిల్లలందరూ “దా, కూసో, దా, కూసో” అంటూ నా వెనక తిరిగారు. “తెలుగు టీచరంట!” అని పెద్దవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. “ఆడ నేను నోరు తెరిస్తే నా మాట ఇనరు, నా యాస జూస్తరు. నెలల తరబడి నోరు మూసుకోని ఉండుడు నాతోని కాదు. మూడు వారాలకే సచ్చిన. ఆనాడు నువ్వు గూడ నవ్వినవ్.”

“నవ్వాను” అన్నాడు. కాసేపటికి ఫోను తీసి, నా ముందే స్పీకర్లో పెట్టి పరమేష్‌తో మాట్లాడాడు.

“ఇల్లు అమ్మడం లేదు బాబూ. మా ఆవిడ వద్దంది.”

“సార్, ఇంటికి పెద్ద మీరు. మేడంకు జర నచ్చజెప్పుండ్రి...”

“నచ్చజెప్పేదేం లేదయ్యా. అడిగాను. వద్దంది. అంతే.”

గెలిచాను. గెలిస్తే ఇంత దిగులుగా ఉంటుందనుకోలేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని చెరువు వైపు చూస్తున్నాడు. ఇవాళ దాన్ని బకెట్ అనలేదు. అని ఉంటే బాగుండేది. రోవిన్లో పడవల కబుర్లు చెప్తున్నప్పటి మొహం ఎక్కడికి పోయిందో! నేను వద్దన్నది ఇల్లు మారడాన్ని కదా, ఆ మనిషిని కాదు కదా.

“దసరా సెలవులకు పోదాం” అన్నాను. “సెలవులన్ని రోజులు, తెరిచే ముందురోజు దాక. పొద్దుగాల్నే నీ పడవలు జూపియ్యి.”

ఆయన నా వైపు తిరిగాడు. “నేను అడగలేదే?”

“నువ్వడిగేదాక ఆగితే నాకు పండ్లూడిపోతయి.”

నవ్వాడు కానీ వెంటనే నవ్వాపేశాడు. “మరి బతుకమ్మో? అమ్మ దగ్గర ఆడకుండా నువ్వెప్పుడైనా ఉన్నావా?”

“ఆడనే పేరుస్త. సద్దుల బతుకమ్మను మీ బందరు సముద్రంల్నే ఏస్త. ఎవరు నవ్వుతరో నవ్వనీ. నవ్వినోళ్లను గూడ దా అని పిలిచి ఆడిపిస్త.”

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. ఒప్పుకుంటాడో లేదో అనుకున్నాను.

“మా దగ్గర తంగేడు పూలు దొరుకుతాయో లేదో” అన్నాడు. “గునుగు కూడా. ఇక్కణ్ణుంచే కోసుకుని బుట్టలో పట్టుకెళ్దాం. బస్సులో పైన పెడితే నలిగిపోతాయి, నేను ఒళ్లో పెట్టుకుంటాను.”

హైదరాబాదు నుంచి బందరు దాకా, రాత్రంతా, పూల బుట్ట ఒళ్లో పెట్టుకుని, ఈయన! ఆ బొమ్మ తలచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“నలుగురు నవ్వుతరు” అన్నాను.

“నవ్వనీ” అన్నాడు, నాలాగే గొంతు పెట్టి.